పాత ఇల్లు రెనొవేషన్: గోడ కొట్టకముందే ఆర్కిటెక్ట్‌తో తేల్చుకోవాల్సినవి

హైదరాబాద్‌లో మారేడ్‌పల్లి, నల్లకుంట, మలక్‌పేట వైపు పాత ఇండిపెండెంట్ ఇల్లు చేతికొచ్చినవాళ్లు చాలామంది నేరుగా మేస్త్రీని పిలిచి పని మొదలుపెట్టేస్తారు, ఆర్కిటెక్ట్ అంటే ఎలివేషన్ బొమ్మ గీసిచ్చే మనిషి అనుకుంటారు. అలా చేయకండి ప్లీజ్. కాగితం మీద గోడ జరపడానికి పైసా ఖర్చవదు, అదే సైట్‌లో అయితే కొట్టడానికి కూలీ, మట్టి ఎత్తడానికి ట్రాక్టర్, మళ్లీ కట్టడానికి ఇంకో కూలీ.

ముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు. నంబర్ సీఏ అని మొదలవుతుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

మొదటి మీటింగ్‌లోనే బడ్జెట్ దాచకుండా చెప్పండి, వాస్తు పట్టింపు ఉంటే అదీ అప్పుడే చెప్పేయండి. ప్లాన్ అంతా అయ్యాక మామయ్యగారొచ్చి వంటగది ఆగ్నేయంలో లేదేంటి, సంపు ఈశాన్యంలో కదా ఉండాలి అంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక అసలు సంగతి గోడలు. పాత ఇళ్లల్లో చాలావాటికి పిల్లర్లు ఉండవు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడే స్లాబ్‌ని మోస్తుంది, హాలు పెద్దది చేద్దామని ఆ గోడ తీసేస్తే పైన స్లాబ్‌కి ఆధారం పోతుంది. నాలుగున్నర అంగుళాల గోడ కదా ఏం కాదులే అని కూడా మీకు మీరే తేల్చేయొద్దు. ఆర్కిటెక్ట్‌తో ఇల్లంతా కొలతలు తీయించి ఇప్పుడున్నది ఉన్నట్టు డ్రాయింగ్ వేయించండి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని వేరేగా పిలిపించి ఏ గోడ తీయొచ్చో, ఎక్కడ బీమ్ వేయాలో రాతపూర్వకంగా తీసుకోండి. పైన ఇంకో ఫ్లోర్ వేద్దామనుకుంటే ఇది తప్పనిసరి, పునాది తవ్వి చూడకుండా ఎవరు భరోసా ఇచ్చినా నమ్మొద్దు.

ఫ్లోర్ పెంచినా, ఇల్లు ముందుకు జరిపినా మున్సిపల్ పర్మిషన్ సంగతి కూడా ఆర్కిటెక్ట్‌తోనే మాట్లాడండి. తెలంగాణలో 2020 చట్టంతో చిన్న ఇళ్లకి సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చింది, తేలికే, కానీ అందులో ఇచ్చే డిక్లరేషన్ మీది, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) తప్పు చూపిస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

త్రీడీ బొమ్మ చూసి మురిసిపోకండి, మేస్త్రీకి కావాల్సింది వర్కింగ్ డ్రాయింగ్స్, అంటే పని చేయడానికి కొలతలన్నీ వేసిన డ్రాయింగ్స్. ఎలక్ట్రికల్ లేఅవుట్ చేతిలో పట్టుకుని ఒక్కో గదిలో నిలబడి చూడండి: తలుపు ఎటు తెరుచుకుంటుంది, తెరిస్తే స్విచ్‌బోర్డు దాని వెనక పడుతుందా, మంచం వేశాక ఫోన్ ఛార్జింగ్ పాయింట్ తలవైపు ఉందా, ఇన్వర్టర్ వైర్ ఎక్కణ్ణుంచి పోతుంది. ఇవన్నీ వైర్ల కోసం గోడల్లో గాడులు కొట్టకముందు అడిగితే పెన్సిల్‌తో మారతాయి.

ఫీజు స్టేజీలవారీగా రాసుకోండి, సైట్‌కి ఏయే పనులప్పుడు వస్తారో అందులోనే రాయించండి, స్లాబ్ కాంక్రీట్ పోసే ముందు కమ్మీ చూడటానికి మాత్రం ఇంజనీర్ రావాల్సిందే. మార్పులేమైనా ఉంటే మీరు మేస్త్రీకి ఒకటి, ఆర్కిటెక్ట్‌కి ఒకటి చెప్పకుండా ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూప్‌లోనే పెట్టండి. ప్లాస్టరింగ్ అయ్యేలోపు పైపులు, వైర్లు పోయిన ప్రతి గోడకి కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోండి, రేపు గోడకి మేకు కొట్టాలన్నా, లీకేజీ వెతకాలన్నా అవే పనికొస్తాయి.