ఇంజనీరింగ్ అనుకుంటున్న పిల్లలకి పది తర్వాత ఏ సబ్జెక్టులు? బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ల కోసం

పదో క్లాసు రిజల్ట్స్ వచ్చాయంటే చాలు మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర, కూరగాయల బండి దగ్గర ఒకటే మాట, పీసీఎంబీ నా పీసీఎంసీ నా అని. మేము కడప నుంచి వచ్చి మారతహళ్ళిలో స్థిరపడి పదిహేనేళ్లయింది, మా పెద్దమ్మాయి ఇక్కడే పీయూసీ (మన ఇంటర్ లాంటిది) చేసి ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉంది, చిన్నోడు తొమ్మిదిలో ఉన్నాడు. పెద్దదాని విషయంలో తెలియక చేసిన పొరపాటు ఇంకో ఇంట్లో జరగకూడదనే ఇది రాస్తున్నా.

మన ఊళ్లో అయితే ఎంపీసీ అనేస్తే అయిపోయింది, ఇంక అడిగేదేం ఉండదు. ఇక్కడ పీయూసీలో రెండు లాంగ్వేజీలు, నాలుగు మెయిన్ సబ్జెక్టులు, ఒక్కోటి వంద మార్కులు, మొత్తం 600. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ అందరికీ ఒకటే, నాలుగోది బయాలజీ అయితే పీసీఎంబీ, కంప్యూటర్ సైన్స్ అయితే పీసీఎంసీ, ఎలక్ట్రానిక్స్ అయితే పీసీఎంఈ, స్టాటిస్టిక్స్ అయితే పీసీఎంఎస్. అందరూ ఆ నాలుగో దాని గురించే బుర్ర బద్దలు కొట్టుకుంటారు గానీ ఇంజనీరింగ్ సీటు వచ్చేదీ, వచ్చాక నిలబడేదీ మొదటి మూడింటి మీదే. నాలుగోది ఈ మూడింటికి టైమ్ మిగిల్చేదిగా ఉందా లేదా, అంతే చూసుకోవాలి.

ఇంజనీరింగ్‌లో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ బ్రాంచ్ కావాలంటే పీయూసీలో కంప్యూటర్ సైన్స్ ఉండి తీరాలి అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. కర్ణాటక ఎంట్రన్స్ పరీక్ష సీఈటీ ర్యాంకులో కంప్యూటర్ మార్కులు కలవవు, పీయూసీలో పీసీఎం మార్కులు సగం, సీఈటీలో పీసీఎం మార్కులు సగం, ఆ రెండూ కలిపే ర్యాంకు ఇస్తారు. లెక్క చెప్తా చూడండి, బోర్డులో మూడింటికీ కలిపి 300 కి 270 వచ్చాయనుకోండి అది 90 శాతం, సీఈటీలో 180 కి 120 వస్తే 66.67 శాతం, రెండూ సగం సగం తీసుకుంటే 78.33. అంటే బోర్డు పరీక్షల్ని పక్కన పడేసి కోచింగ్ ఒక్కటే పట్టుకుంటే ఇక్కడ నష్టమే. ఫిజిక్స్‌కి, కెమిస్ట్రీకి 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉంటాయి, ల్యాబ్‌కి సరిగ్గా వెళ్లి రికార్డు రాసుకునే పిల్లలకి అవి దాదాపు చేతిలో ఉన్నట్టే. ఇక్కడి ప్రైవేటు కాలేజీల సీట్లకి రాసే కామెడ్‌కెలో అయితే బోర్డు మార్కులు ర్యాంకులోకి రావు, అర్హత వరకే, 180 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సీఈటీలో కూడా నెగెటివ్ లేదు, జేఈఈ మెయిన్‌లో మాత్రం తప్పుకి ఒక మార్కు పోతుంది.

ఇప్పుడు మా పొరపాటు. అమ్మాయికి డాక్టర్ అవ్వాలని ఎప్పుడూ లేదు, కానీ మేం చేరిన కాలేజీలో కౌన్సిలింగ్ చేసినాయన పీసీఎంబీ తీసుకుంటే నీట్ దారీ ఉంటుంది ఇంజనీరింగ్ దారీ ఉంటుంది అన్నారు, మేం సరే అనేశాం. రెండు పడవల మీద కాళ్లు అంటారే, అచ్చం అదే. బయాలజీ చిన్న సబ్జెక్టు కాదండీ, డయాగ్రమ్‌లు, పేర్లు, పేజీలకి పేజీలు, సాయంత్రం నాలుగు గంటల చదువు ఉంటే అందులో గంటన్నర దానికే పోయేది, ఆ గంటన్నర ఇంటిగ్రేషన్ లెక్కలకి పోవాల్సింది. ఫస్ట్ పీయూసీ సగంలో మాకు అర్థమైంది, కాలేజీ వాళ్లు ఇప్పుడు మార్చడం కుదరదన్నారు, పిల్ల రెండేళ్లూ ఆ బరువు మోసింది. ఎన్నోసార్లు రాత్రి పదకొండింటికి ఏడుస్తూ కూర్చునేది, అది తల్చుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

పీసీఎంబీ చెడ్డదని కాదు. నీట్ 720 మార్కుల్లో సగం, అంటే 360, బయాలజీయే, కాబట్టి నిజంగా మెడిసిన్ మనసులో ఉంటే తీసుకోవాల్సిందే. బయోటెక్నాలజీ, బయోమెడికల్ వైపు ఇష్టం ఉన్నవాళ్లకీ పనికొస్తుంది, అయితే ఆ బ్రాంచ్‌లకి కూడా ఇక్కడ ఫిజిక్స్, మ్యాథ్స్ కావాల్సిందే. మనసులో ఏదీ లేకుండా ఎందుకైనా మంచిదని మాత్రం తీసుకోవద్దు.

కంప్యూటర్ సైన్స్ సిలబస్ తేలిక, స్కోరింగ్, ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో ప్రోగ్రామింగ్ వచ్చినప్పుడు కొత్తగా అనిపించదు. నా ఓటు చాలామంది పిల్లలకి దీనికే. స్టాటిస్టిక్స్ కూడా మంచిదే, డేటా సైన్స్ అంటున్న పిల్లలకి ప్రాబబిలిటీ గట్టిపడుతుంది. ఎలక్ట్రానిక్స్ తక్కువ కాలేజీల్లో ఉంటుంది, ఇంటి దగ్గర దొరికి, పిల్లాడికి సర్క్యూట్‌లంటే సరదా ఉంటే చూడండి, దాని కోసం రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి పంపించొద్దు.

సీబీఎస్ఈ వాళ్లకి ఇంకో జాగ్రత్త. పదకొండులో మ్యాథమెటిక్స్ కోడ్ 041, అప్లైడ్ మ్యాథమెటిక్స్ కోడ్ 241, రెండూ వేరు. అప్లైడ్ అనేది కామర్స్, సోషల్ సైన్స్ వైపు వెళ్లేవాళ్ల కోసం పెట్టింది, పేరు చూసి ఇంజనీరింగ్‌కి ఇదే కాబోలు అనుకుని మా బ్లాక్‌లో ఒకావిడ దాదాపు టిక్ పెట్టేసింది. ఇంజనీరింగ్ అనుకుంటే 041 మాత్రమే తీసుకోండి. ఇది పదో క్లాసు నుంచే మొదలవుతుంది, అక్కడ స్టాండర్డ్, బేసిక్ అని రెండు ఉంటాయి కదా, మార్కుల కోసం బేసిక్‌కి పోవద్దు, స్టాండర్డే రాయించండి. 2021 లో ఏఐసీటీఈ (దేశంలో సాంకేతిక విద్యని చూసే సంస్థ) ఇంజనీరింగ్‌కి మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి కాదన్నట్టు నిబంధన పెట్టిందని పేపర్లలో వచ్చింది, అది పట్టుకుని ఇప్పటికీ అడుగుతుంటారు. ఇక్కడ సీఈటీకి ఆ రెండూ తప్పనిసరే, ఆ వార్త నమ్ముకుని మ్యాథ్స్ వదిలేయొద్దు.

మ్యాథ్స్ లేకుండా ఎందుకు కుదరదో మా అమ్మాయి ఫస్టియర్ చూశాక నాకు బాగా తెలిసింది. వీటీయూ (ఇక్కడి ఇంజనీరింగ్ యూనివర్సిటీ) కాలేజీల్లో ఫస్టియర్ అంటే ఫిజిక్స్ సైకిల్, కెమిస్ట్రీ సైకిల్, అంటే ఒక సెమిస్టర్‌లో ఫిజిక్స్, ఇంకో సెమిస్టర్‌లో కెమిస్ట్రీ, సగం సెక్షన్లకి ముందు ఒకటి, తర్వాత ఇంకోటి. సీఎస్ఈ వాళ్లకీ తప్పదు. మ్యాథ్స్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మ్యాట్రిక్స్‌లు పీయూసీలో ఆపిన చోటి నుంచే అందుకుంటారు, మళ్లీ మొదటి నుంచి ఎవరూ చెప్పరు. కెమిస్ట్రీ ఎందుకులే అని వదిలేసిన పిల్లలు ఆ సైకిల్‌లోనే బ్యాక్‌లాగ్ తెచ్చుకోవడం చూశా.

ఇంకోటి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. పీయూసీ సైన్స్ పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవే, సీబీఎస్ఈవీ అవే, వాటిలో ఫిజిక్స్ మొదటి చాప్టర్లలోనే వేగం, త్వరణం అంటూ డెరివేటివ్‌లు వచ్చేస్తాయి, మ్యాథ్స్‌లో మాత్రం లిమిట్స్ అండ్ డెరివేటివ్స్ పుస్తకం చివరి వైపు ఉంటుంది. జూన్‌లో పిల్లకి ఫిజిక్స్ అర్థం కావట్లేదంటే చాలాసార్లు కారణం ఇదే, తెలివి తక్కువై కాదు. అందుకని పది పరీక్షలయ్యాక సెలవుల్లో రోజూ అరగంట ట్రిగొనామెట్రీ ఫార్ములాలు, గ్రాఫ్‌లు, బేసిక్ డిఫరెన్సియేషన్, వెక్టర్లు చేయించండి చాలు. పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఫ్రీగా ఉంది. అప్పుడే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది, లెక్క రాకపోతే దాంతో కుస్తీ పడుతున్నాడా, లేక పుస్తకం మూసేసి ఫోన్ తీస్తున్నాడా అని. రోజూ రెండోదే జరుగుతుంటే సబ్జెక్టులు రాసిచ్చేముందు పిల్లాడితో ఒకసారి కూర్చుని మాట్లాడండి, నిజంగా వాడికే కావాలా మనకే కావాలా అని.

లాంగ్వేజీ సంగతి. సీఈటీ ర్యాంకుకి అవసరం లేదని తేలిగ్గా తీసుకోకండి, ఐఐటీకి ట్వెల్త్‌లో 75 శాతం ఉండాలి లేదా బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకి 65, ఆ శాతంలో లాంగ్వేజీ మార్కులూ కలుస్తాయి. పిల్లకి బాగా వచ్చిన భాష తీసుకోండి, అంతే.

మనలాంటి వలస వచ్చిన ఇళ్లవాళ్లు సంవత్సరాల లెక్క కూడా చూసుకోవాలి. సీఈటీలో ప్రభుత్వ కోటా సీటుకి మామూలుగా ఒకటి నుంచి పన్నెండు లోపు కర్ణాటకలో ఏడేళ్లు చదివి, పదో క్లాసు గానీ పన్నెండు గానీ ఇక్కడ పాసై ఉండాలి. కొందరికి మినహాయింపులున్నాయి, సీఈటీ నడిపే కేఈఏ ఆ ఏడాది ఇచ్చే బ్రోచర్‌లో చూసుకోండి. అంటే ఆరో క్లాసుకి వచ్చినవాళ్లకి సరిగ్గా ఏడు, ఎనిమిదికి వచ్చినవాళ్లకి ఐదే. తగ్గితే కామెడ్‌కె, జేఈఈ మీద దృష్టి పెట్టాలి, అవి అన్ని రాష్ట్రాలవాళ్లకీ తెరిచే ఉంటాయి. అలాగే ఇక్కడే పెరిగిన పిల్లని ఇంటర్‌కి విజయవాడ హాస్టల్‌కి పంపితే అక్కడ లోకల్ అయిపోతుందనుకోకండి, రెండేళ్లకి అవ్వదు.

చేరేరోజు కాలేజీలో అడగాల్సినవి: కాంబినేషన్ మార్చుకోవాలంటే ఏ తేదీ దాకా ఒప్పుకుంటారు, నాలుగో సబ్జెక్టుకి ఇప్పుడు లెక్చరర్ ఉన్నారా, ఇంటిగ్రేటెడ్ కోచింగ్ అయితే ల్యాబ్‌లు వారానికి ఎన్నిసార్లు జరుగుతాయి. తేదీ మాత్రం కాగితం మీద రాయించుకోండి, మేం నోటి మాట నమ్మాం. పిల్లని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఫీజు ఆ తర్వాత కట్టొచ్చు.