పాత కారు ఇంజిన్ సిలిండర్ విప్పే ముందు జాగ్రత్తలు

- హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పడానికి తొందరపడొద్దు. ముందు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో గేజ్‌తో చూడటం) చేయండి. తక్కువ చూపిన సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే అనుమానం పిస్టన్ రింగులు, సిలిండర్ గోడల మీద. పెరగకపోతే వాల్వులు, హెడ్ గాస్కెట్ (హెడ్ కింద లీకు ఆపే పొర) చూడాలి. ఒకసారి విప్పాక ఈ ఆధారం మళ్లీ దొరకదు.
- తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి.
- పాత హెడ్ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా అస్సలు గీకొద్దు. తడిపి, సన్నటి ధూళిని ఆపే మాస్క్ పెట్టుకుని తీయండి.
- పిస్టన్లకు నంబర్లు, ముందువైపు గుర్తు పెట్టండి.
- సిలిండర్ పైఅంచున గట్టు ఏర్పడి ఉంటే, అది తీశాకే పిస్టన్ బయటికి నెట్టండి.
- సిలిండర్ గోడ మీద గోరుకు తగిలే గీత మామూలుగా హోనింగ్‌తో (రాయితో పైపైన రుద్దడం) పోదు, బోరింగో (లోపలి గోడను చెక్కి పెద్దది చేయడం) స్లీవో (లోపల కొత్త గొట్టం బిగించడం) కావాలి. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) కొలవకుండా ఓవర్‌సైజ్ (కాస్త పెద్ద సైజు) పిస్టన్లు కొనొద్దు.