ఎనామెల్ బొమ్మల పాత గాజు: వేలంలో చెయ్యెత్తే ముందు

క్రిస్మస్ వేలాల్లో ఎనామెల్ (గాజు మీద వేసి కాల్చే రంగు) బొమ్మలున్న చిన్న బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) గ్లాసులు, అత్తరు బుడ్లు ఎక్కువగా వస్తాయి.

– పేరుకు డబ్బు పోయకండి. సంతకం లేని ప్రతి బొహీమియా ముక్కనూ ‘మోజర్’ అనేయడం అమ్మేవాళ్ల అలవాటు. 1857లో కార్ల్స్‌బాద్‌లో మొదలైన ఆ సంస్థ పాత సరుకులో సంతకం లేనివీ ఉన్న మాట నిజమే. కానీ అలాంటి పనే చుట్టుపక్కల చాలా కార్ఖానాల్లో జరిగింది. రుజువు లేకపోతే ‘బొహీమియా’ ధరే చెప్పండి.

– గాజు మీద రాసిన సంవత్సరాన్ని నమ్మొద్దు. 1866లో మొదలైన ఫ్రిట్జ్ హెకెర్ట్ సంస్థ పాత జర్మన్ పాత్రల నమూనాలను పాత తేదీలతో సహా చేసింది.

– అడుగున ‘చెకోస్లొవేకియా’ ఉంటే 1918 తర్వాతిదే. దేశం పేరే లేకపోతే 1891కి ముందుదని తేల్చేయకండి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న ఆ ఏటి అమెరికా నియమం అక్కడికి వెళ్లే సరుకుకే, పైగా కాగితం చీటీలు ఊడిపోతాయి.

– రంగు పాతదో కాదో చూడటానికి అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) దూదితో రుద్దడం వద్దే వద్దు. కాల్చని రంగు అసలైన పాతవాటిలోనూ ఉంటుంది, ఊడితే మళ్లీ రాదు. పదిరెట్ల భూతద్దం చాలు: వరస చుక్కలు కనిపిస్తే అది అచ్చు బొమ్మ, చేత్తో వేసింది కాదు.

– అడుగు అరుగుదల బల్లకు ఆనే అంచు మీదే, అన్ని దిక్కులా గీతలతో ఉండాలి. ఒకే వైపు గీతలుంటే గరుకు కాగితం పనే.

– అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా మెరిస్తే యురేనియం గాజు కావచ్చు. అది ఇప్పటికీ తయారవుతోంది, వయసు చెప్పదు.