హెచ్‌టీఎంఎల్‌తో తెలుగు పాఠాన్ని తీర్చేటప్పుడు వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

బెంగళూరులోని తెలుగు సంఘాలు ఉగాదికో కార్తిక వనభోజనాలకో పంపే ఆహ్వానాలను, కార్యక్రమ వివరాలను చాలాసార్లు ఎవరో ఒక కార్యకర్త ఆఫీసు పని ముగిశాక కూర్చుని, తనకు తెలిసిన కొద్దిపాటి హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీలు రాసే సంకేత భాష) ట్యాగులతో, అంటే పాఠం ఎలా కనబడాలో బ్రౌజరుకు చెప్పే గుర్తులతో, సిద్ధం చేస్తుంటారు. అలాంటివారి కోసమే ఈ వ్యాసం. ట్యాగులో పొరపాటు ఉన్నా బ్రౌజరు ఆ సంగతి చెప్పదు. 2014లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5 తప్పుగా రాసిన ట్యాగులను ఎలా అర్థం చేసుకోవాలో కూడా నిర్దేశించింది కాబట్టి, బ్రౌజరు ఆ నియమాల ప్రకారం ఏదో ఒక రూపం చూపించి ఊరుకుంటుంది. అందుచేత తప్పు ఒకచోట, దాని ఫలితం మరొకచోట ఉంటాయి. ఫలితం కనబడినచోట అతుకు వేయకుండా, అక్కడినుంచి వెనక్కి చదువుకుంటూ వెళ్ళి కారణాన్ని పట్టుకోవాలి.

ట్యాగుల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని రోమన్ అక్షరాల్లో, కోణ బ్రాకెట్ల మధ్య రాయాలి.

పద్యం నాలుగు పాదాలూ ఒకే వరుసలో కలిసిపోయాయి

కారణం: మనం ఎన్నిసార్లు ఎంటర్ నొక్కినా, ఎన్ని ఖాళీలు వదిలినా, బ్రౌజరు వాటన్నిటినీ కలిపి ఒకే ఒక్క ఖాళీగా లెక్కిస్తుంది. రాసేటప్పుడు తెరమీద చక్కగా విడివిడిగా కనబడిన పాదాలు చదివేవారికి వచనంలా కనబడటానికి ఇదే మూలం.

పరిష్కారం: పద్యం మొత్తాన్ని పేరాను సూచించే ‘పి’ ట్యాగులో ఉంచి, మొదటి మూడు పాదాల చివర వరుసను విరిచే ‘బీఆర్’ ట్యాగు పెట్టాలి. ‘బీఆర్’కు ముగింపు ట్యాగు ఉండదు. రెండో పద్యానికి మరొక ‘పి’ కావాలి. ‘ప్రీ’ అనే ట్యాగు వాడితే ఖాళీలూ వరుసలూ ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి కదా అని కొందరు దానివైపు మొగ్గుతారు. ఆ ట్యాగులో పొడవైన వరుస దానంతట అది విరగదు కాబట్టి, ఫోనులో చదివేవారికి పాదం చివరి భాగం తెర దాటిపోతుంది. ముఖ్యంగా సీసపద్యానికి అది పనికిరాదు. సీసపాదాన్ని పుస్తకాల్లో రెండు భాగాలుగా విరిచి అచ్చువేయడం పరిపాటి కనుక, ఇక్కడ కూడా అదే చోట ‘బీఆర్’ పెట్టి విరిస్తే ఏ తెరమీదనైనా నడక చెడదు.

వచనానికి మాత్రం ‘బీఆర్’ వాడకూడదని నా గట్టి అభిప్రాయం. పేరాల మధ్య ఎడం కోసం వరుసగా మూడు నాలుగు ‘బీఆర్’లు పేర్చిన ఆహ్వానాన్ని దిద్దవలసి వస్తే ఏది పేరా చివర, ఏది ఊరికే పెట్టిన ఖాళీ అన్నది రాసినవారికే తెలియదు. ప్రతి పేరాకూ ఒక ‘పి’ పెడితే ఆ చిక్కే ఉండదు.

ఒక్క పదానికి పెట్టిన బొద్దు చివరిదాకా పాకింది

వేదిక పేరు మాత్రమే బొద్దుగా రావలసి ఉండగా ఆ తరువాతి పేరాలన్నీ బొద్దుగా మారితే, బొద్దు ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్ళి చూడాలి. ‘బి’ లేదా ‘స్ట్రాంగ్’ ట్యాగును మూయకపోవడమో, మూసేటప్పుడు స్లాష్ గీత మరచి అదే ట్యాగును మళ్ళీ తెరవడమో జరిగి ఉంటుంది. రెండోది కంటికి త్వరగా దొరకదు, ఎందుకంటే పదానికి ఇరువైపులా ట్యాగులు ఉన్నట్టే కనిపిస్తాయి. ‘పి’ని మూయకపోయినా, తరువాతి ‘పి’ రాగానే బ్రౌజరు దాన్ని తానే మూసేస్తుంది. ‘బి’, అక్షరాలను ఏటవాలుగా చూపే ‘ఐ’ వంటి వాటిని మాత్రం అలా మూయదు, పైగా కొత్త పేరాలో వాటిని మళ్ళీ తెరుస్తుంది. ఈ తేడా తెలియనివారు పేరా మారితే బొద్దు కూడా ఆగుతుందనుకుంటారు.

ముగింపు ట్యాగు చేర్చడంతో పాటు, ఒకదానిలో ఒకటి ఇమిడిన ట్యాగులను తెరిచిన క్రమానికి ఎదురుగా మూయాలి: చివర తెరిచినది మొదట మూయాలి. తెరిచిన వెంటనే ముగింపు ట్యాగు కూడా టైపు చేసి, ఆ తరువాత వాటి మధ్యలో మాట రాయడం మంచి అలవాటు.

లంకె నొక్కితే మరెక్కడికో పోతోంది

తెరుచుకున్న పేజీ చిరునామాను చూడండి. అందులో శాతం గుర్తులతో ఈ2, 80, 9సీ అన్న వరుస కనబడితే, వంకర కొటేషన్ గుర్తులే కారణం. ఎంఎస్ వర్డ్, ఐఫోన్ కీబోర్డు వంటివి నిటారు కొటేషన్లను తమంతట తామే వంకర కొటేషన్లుగా మారుస్తాయి. లంకె చిరునామాను తెలిపే ‘హెచ్‌రెఫ్’ విలువకు ఇరువైపులా నిటారు గుర్తులే ఉండాలి. వంకరవి ఉంటే బ్రౌజరు వాటిని చిరునామాలో భాగంగా తీసుకుంటుంది. పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లోకి అతికించినంత మాత్రాన అవి నిటారుగా మారవు, చెరిపి మళ్ళీ టైపు చేయవలసిందే.

శాతం గుర్తులు లేకుండా తప్పుడు చిరునామా వస్తే, లంకె మూడు డబ్ల్యూలతో మొదలై ఉంటుంది. ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు చేర్చితే సరిపోతుంది.

రాసిన ట్యాగే మాయమైంది

మరొకరికి నేర్పడం కోసం ట్యాగును ఉదాహరణగా రాస్తే, బ్రౌజరు దాన్ని ఆజ్ఞగా తీసుకుని చూపించదు. ఎడమ కోణ బ్రాకెట్ వెంటనే రోమన్ అక్షరం వస్తే అది ట్యాగు మొదలని దాని నియమం. ఆ బ్రాకెట్ బదులు అండ్ గుర్తు, హ్యాష్ గుర్తు, 60, సెమికోలన్ ఖాళీ లేకుండా వరుసగా రాయాలి. కుడి బ్రాకెట్‌కు 62, అండ్ గుర్తుకే అయితే 38.

తెలుగు బదులు అర్థంలేని రోమన్ అక్షరాలు వచ్చాయి

ఈ లక్షణానికి రెండు కారణాలు ఉన్నాయి, వాటిని ముందే వేరుచేసుకోవాలి. నెత్తిన గీత ఉన్న చిన్న ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే పాఠం చెడలేదు, చదివే పద్ధతి మాత్రమే తప్పింది. అక్షరాలను బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు తీసుకుంటుంది. వాటిలో మొదటి రెండు బైట్లను పాత పద్ధతిలో చదివినప్పుడు కనబడేవే ఆ గుర్తులు. ఫైలును యూటీఎఫ్-8గా భద్రపరిచి, ‘హెడ్’ భాగం మొదట్లోనే ‘మెటా’ ట్యాగులో ‘చార్‌సెట్’ విలువను యూటీఎఫ్-8 అని ప్రకటించాలి. ఈ ప్రకటన ఫైలులోని మొదటి 1024 బైట్లలోపే ఉండాలి.

ఆ జంట గుర్తులు కనబడకుండా వేరే రకపు అక్షరాలు గజిబిజిగా వస్తే, పాఠం అచ్చు పని కోసం అను ఫాంట్లలో కంపోజు చేసినదై ఉంటుంది. డీటీపీ కేంద్రం నుంచి తెచ్చుకున్న పాత ఆహ్వానంలోని మాటలను యథాతథంగా అతికించినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ ఫాంట్లు రోమన్ సంకేతాల స్థానంలో తెలుగు ఆకారాలను చూపేవి కాబట్టి ఏ ట్యాగూ దీన్ని బాగుచేయదు. యూనికోడ్ (ప్రతి లిపిలోని అక్షరాలకూ విడి సంఖ్యలు ఇచ్చే ప్రమాణం) లోకి మార్చే సాధనంతో మార్చి, అక్షరం అక్షరం సరిచూసుకోవాలి, ముఖ్యంగా ఒత్తులను.

ఒత్తులు అలుక్కుపోయాయి, లేదా కింది గీత వాటిమీదుగా పోయింది

మండలి, గిడుగు, ఎన్‌టీఆర్ వంటి తెలుగు ఫాంట్లలో ఒకే మందం ఉంటుంది. బొద్దు కావాలని అడిగితే బ్రౌజరు ఉన్న అక్షరాన్నే లావుచేసి చూపుతుంది, అప్పుడు ఒత్తుల లోపలి ఖాళీలు పూడిపోతాయి. నిజమైన బొద్దు రూపం ఉన్న నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు వాడాలి. ‘ఐ’ ట్యాగుతో వచ్చే ఏటవాలు అక్షరాలు కూడా సాధారణంగా అలా బలవంతంగా వంచినవే కనుక, పుస్తకాల పేర్లకు కొటేషన్ గుర్తులు పెట్టడమే తెలుగుకు నప్పుతుంది. అక్షరాల కింద ‘యు’ ట్యాగు గీసే గీత ఒత్తుల మీదుగా పోవడమో వాటి దగ్గర ముక్కలు కావడమో తప్పదు. దాన్ని చూసినవారు లంకె అనుకుని నొక్కుతారు కూడా. దాన్ని తీసివేయండి.

‘సాఫ్ట్‌వేర్’లోని ‘వే’ ఒత్తుగా మారి ‘ట’ కిందికి దిగింది

పొల్లు తరువాత ఉండవలసిన కనబడని అక్షరం పోయింది. దాన్ని కీబోర్డుతో తేలేకపోతే, అండ్ గుర్తు, హ్యాష్ గుర్తు, 8204, సెమికోలన్ ఆ చోట రాస్తే ‘వే’ విడిగా నిలుస్తుంది.

బ్రౌజరులో వెతికితే కళ్ళెదుట ఉన్న పదం దొరకడం లేదు

బెంగళూరులో ఈ చిక్కు సహజం. కన్నడ కీబోర్డు తెరిచి ఉన్న ఫోనులో టైపు చేసిన చిన్న పదం, లేదా కన్నడ చిరునామా నుంచి అతికించిన ముక్క తెలుగు మధ్యలో ఉండిపోతుంది. ‘ర’, ‘ల’ వంటి అక్షరాలు రెండు లిపుల్లోనూ దగ్గరగా ఉండటం వల్ల త్వరపడి చూస్తే తేడా తెలియదు. కానీ యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలు ముగిసిన వెంటనే కన్నడ స్థానాలు మొదలవుతాయి, కాబట్టి కంప్యూటరుకు అవి పూర్తిగా వేరు అక్షరాలు. తలకట్టును పరిశీలించి, అనుమానమున్న పదాన్ని చెరిపి తెలుగు కీబోర్డుతో మళ్ళీ రాయాలి. వేదిక చిరునామాను కావాలనే కన్నడలో ఇచ్చినప్పుడు దాన్ని ‘స్పాన్’ ట్యాగులో ఉంచి, ‘లాంగ్’ విలువగా కేఎన్ అని, మొత్తం పాఠానికి టీఈ అని రాయాలి. చూపు లేనివారికి పాఠాన్ని చదివి వినిపించే సాధనాలు ఏ భాష గొంతుతో చదవాలో తెలుసుకునేది ఆ విలువ నుంచే.