చూసినప్పుడు బాగున్న హాలు పెళ్లి రోజు ఎందుకు ఇబ్బంది పెడుతుంది: సమస్య - కారణం - పరిష్కారం

హాలు చూడ్డానికి మనం వెళ్లేది ఏదో పని లేని రోజు మధ్యాహ్నం. నలుగురం వెళ్తాం, లైట్లన్నీ వేసి చూపిస్తారు, చల్లగా ఉంటుంది, మేనేజర్ గారు ఓపిగ్గా తిప్పుతారు, ఇంకేం కావాలి అనుకుని అక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తాం. అసలు గొడవ ఏంటంటే మనం చూసింది ఖాళీ హాలు, పెళ్లి జరిగేది నిండిన హాల్లో. ఈ రెండూ వేరు వేరు హాళ్లు అనుకోండి ఒకరకంగా. కింద రాసినవన్నీ అక్కడ పుట్టే సమస్యలే. ఇంకా బుక్ చేయనివాళ్లు వీటిని చెక్ చేసుకోవచ్చు, చేసేసినవాళ్లకి కూడా చాలావాటికి ఇంకా టైం ఉంటుంది.

"ఐదొందల మంది పడతారన్నారు, మూడొందలకే ఇరుకైపోయింది"

వాళ్లు అబద్ధం చెప్పలేదు, మనమే ఎలా కూర్చుంటే ఐదొందలు అని అడగలేదు. సినిమా హాల్లోలా వరసగా కుర్చీలు వేస్తే మనిషికి సుమారు 8 చదరపు అడుగులు చాలు, అదే గుండ్రటి టేబుళ్లు వేసి కూర్చోబెడితే 12 నుంచి 15 దాకా కావాలి. లెక్క వేసి చూడండి, 3000 చదరపు అడుగుల హాలు కుర్చీల లెక్కన 375 మంది, అందులో స్టేజికి, భోజనాల కౌంటర్లకి, ఫోటోలవాళ్లకి కలిపి ఒక 700 పోతే మిగిలింది 2300, దాన్ని 13తో భాగిస్తే 177 మంది. సగానికి సగం పడిపోయింది చూశారా!

కాబట్టి "ఎంతమంది పడతారు" అని అడగొద్దు, "మా లేఅవుట్‌లో ఎంతమంది" అని అడగండి, టేబుళ్లు, స్టేజి గీసిన ప్లాన్ కాగితం చేతికివ్వమనండి. ఇవ్వకపోతే టేపు పట్టుకెళ్లి మీరే కొలవండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఇంకోటి, స్తంభాలు. స్తంభం వెనక కూర్చున్నవాళ్లకి పెళ్లి కనపడదు, ఆ కుర్చీలు లెక్కలోంచి తీసేయండి.

ఆల్రెడీ బుక్ అయిపోతే అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టకుండా భోజనాలు రెండు విడతలు చేయండి, లేదా స్టేజి సైజు తగ్గించండి. చాలామంది స్టేజి మాత్రం తగ్గించరు, ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

"ఏసీ పనిచేస్తూనే ఉంది, కానీ అందరికీ చెమటలు"

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికొస్తుంది, అంటే 300 మంది కూర్చుంటే 30 కిలోవాట్ల హీటర్ పెట్టినట్టు. ఒక టన్ను ఏసీ తీసేది మూడున్నర కిలోవాట్ల వేడి, కాబట్టి ఉత్త మనుషుల వేడికే ఎనిమిది తొమ్మిది టన్నులు కావాలి, ఇంకా స్టేజి లైట్లు, వేడి వంటకాలు, ఎప్పుడూ తెరుచుకునే ఉండే మెయిన్ డోర్, పైకప్పు ఎండ ఇవన్నీ దానికి ఎక్స్‌ట్రా. మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు లోపల నలుగురే ఉన్నారు కాబట్టి చల్లగా ఉంది, అంతే.

మొత్తం ఎన్ని టన్నులు, అన్నీ పనిచేస్తున్నాయా అని అడగండి. ఏసీ ఎప్పుడు ఆన్ చేస్తారో కూడా అడగాలి, ఇది ఎవరూ అడగరు. జనం వచ్చాక వేస్తే గోడలు చల్లబడేసరికే ఫంక్షన్ అయిపోతుంది, కనీసం ఒకట్రెండు గంటల ముందు వేయాలని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. అన్నిటికంటే మంచి టెస్ట్ ఏంటంటే, అదే హాల్లో వేరేవాళ్ల ఫంక్షన్ ఉన్న రోజు మేనేజర్‌ని అడిగి గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబడి రండి, వేడి, సౌండ్, పార్కింగ్, బాత్రూంల క్యూ అన్నీ ఒక్క దెబ్బకి తెలిసిపోతాయి. వద్దన్నారా, అది కూడా ఒక జవాబే.

"మైకులో మాటలు వినిపిస్తున్నాయి గానీ ఒక్క ముక్క అర్థం కావట్లేదు"

గచ్చు, గాజు, ఎత్తైన సీలింగ్ ఉన్న హాల్లో శబ్దం గోడలకి తగిలి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఆ చప్పుడు వెంటనే ఆగకుండా ఒకట్రెండు సెకన్లు సాగిందంటే మాటలకి కష్టమే. జనం నిండాక కొంచెం తగ్గుతుంది, మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి.

ఇక్కడ అందరూ చేసే తప్పు వాల్యూమ్ పెంచడం. పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. స్టేజి పక్కన రెండు పెద్ద స్పీకర్లు కాకుండా హాలు పొడవునా చిన్నవి పెట్టించి తక్కువ వాల్యూమ్‌లో నడపమనండి. పొడవైన హాలు అయితే సౌండ్ అతనికి డిలే సెట్ చేయమని చెప్పండి, అంటే వెనక స్పీకర్లలో మాట కొంచెం ఆలస్యంగా వచ్చేలా, లేకపోతే శబ్దం 34 మీటర్లు వెళ్లడానికి సెకనులో పదో వంతు పడుతుంది కాబట్టి వెనకవాళ్లకి ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. వెనక గోడకి మందపాటి కర్టెన్లు, కింద కార్పెట్ వేస్తే ఇంకా మంచిది.

"డీజే ఆన్ చేయగానే కరెంట్ పోయింది"

కరెంట్ పోలేదు, ట్రిప్ అయింది, అంటే లోడ్ ఎక్కువై స్విచ్ దానంతటదే పడిపోయింది. 230 వోల్టుల దగ్గర 16 ఆంపుల లైన్ మోసేది సుమారు 3700 వాట్లు, డెకరేషన్ లైట్లు, స్పీకర్లు, కాఫీ మెషిన్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద గుచ్చితే అది ఇంకేం చేస్తుంది పాపం. సౌండ్‌కి వేరే లైన్, వంటవాళ్లకి వేరే లైన్ అడగండి, ఎవరి లోడ్ ఎంతో ముందే కాగితం మీద రాసి హాలు ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి, ఆ రోజు అతను అక్కడే ఉండాలి.

జనరేటర్ ఉంది అంటే అన్నీ నడుస్తాయని కాదు. మా అక్క పెళ్లికి లైట్లు, మైకు బాగానే వెలిగాయి, ఏసీలు మాత్రం జనరేటర్ మీద లేవు, ముప్పావుగంట చుట్టాలందరూ బయట చెట్టు కింద, లోపల మేమూ ఫోటోగ్రాఫరూ. అప్పటిదాకా అడగాలని ఎవరికీ తట్టలేదు. జనరేటర్ కెపాసిటీని కేవీఏల్లో చెప్తే ఆ నంబర్‌ని 0.8తో గుణించండి, కిలోవాట్లు సుమారుగా తెలుస్తాయి, 62.5 కేవీఏ అంటే 50 కిలోవాట్లు. వీలైతే మెయిన్ ఆపి చూపించమనండి.

"ఫోటోల్లో మొహాలు సగం పసుపు, సగం నీలం"

పసుపు బల్బులు, కిటికీ వెలుతురు కలిసిపోతే అంతే. పెళ్లి టైంకే వెళ్లి ఫోన్‌తో ఒక వీడియో తీయండి, స్క్రీన్ మీద చారలు పాకుతుంటే అక్కడి ఎల్ఈడీ లైట్లు మినుకుమంటున్నట్టు, వాటిని మార్పించాలి.

"పెద్దవాళ్లు లోపలికి రాలేకపోయారు"

ర్యాంప్ ఉంది అంటారు, చూస్తే సరుకులు ఎక్కించే నిటారు పలక. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి, అంటే ఆరంగుళాల మెట్లు మూడు ఉంటే 18 అడుగుల ర్యాంప్. అంత చోటు లేకపోతే వేరే గుమ్మం చూడాలి. బాత్రూం తలుపులో వీల్‌చైర్ పడుతుందో లేదో కూడా కొలవండి.

"చెప్పిన రేటు ఒకటి, బిల్లు ఒకటి"

క్లీనింగ్, కరెంట్ యూనిట్లు, జనరేటర్ డీజిల్, బయటి డెకరేటర్‌ని తెచ్చినందుకు ఫీజు, గంట దాటితే ఓవర్‌టైం. మోసం అనలేం, ఏదీ కాగితం మీద లేదు అంతే. ముఖ్యంగా హాలు మీ చేతికి ఎన్నింటికి వస్తుందో రాయించండి, ముందు రోజు రాత్రి ఇంకో ఫంక్షన్ ఉంటే మీ డెకరేషన్‌వాళ్లు తెల్లారేదాకా గేటు బయటే. డేట్ మారితే ఏంటి, హాలువాళ్లే క్యాన్సిల్ చేస్తే ఏంటి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఇవి కూడా. మాటిచ్చిన మేనేజర్ అప్పటికి ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు, కాబట్టి ఫోన్లో ఏం మాట్లాడినా అదే రోజు మెసేజ్ పెట్టి "ఓకే" అనిపించుకోండి.

"ఓపెన్ లాన్, సరిగ్గా ఆ టైంకి వాన"

పక్కన లోపలి హాలు ఉందిగా అనుకుంటాం, ఆ రోజు దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి ఉంటారు. దాన్ని కూడా మీ పేరు మీదే రాయించుకోండి, లోపలికి మారాలా వద్దా అనేది ఎన్నింటికి డిసైడ్ చేయాలో ఒక టైం పెట్టుకోండి, ఆ మాట చెప్పేది ఒక్కరే ఉండాలి, పెళ్లికొడుకు, పెళ్లికూతురు మాత్రం కాదు.