టీనేజ్ పిల్లలతో సినిమా చూసేటప్పుడు ఏం అడగాలి, ఎలా మాట్లాడాలి

టెన్త్, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎక్కువగా చేసేది రెండు పనులు, "ఈ చెత్త సినిమాలేంట్రా" అని తిట్టడం, లేదా పక్కనే కూర్చుని ఫోన్ చూసుకోవడం. రెండిటి వల్లా ఉపయోగం లేదు. ప్రేమంటే ఏంటి, మగాడంటే ఎలా ఉండాలి, ఎవర్ని చూసి నవ్వొచ్చు, ఇవన్నీ బళ్ళో చెప్పరు, ఇంట్లో మాట్లాడటానికి మనకి మొహమాటం, ఇక మిగిలింది సినిమానే కదా, అదే నేర్పేస్తుంది. కాబట్టి సినిమా మాన్పించకండి, కలిసి చూడండి, తర్వాత మాట్లాడండి.

ముందు సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. యూఏ అంటే పెద్దవాళ్ళు చూసుకుని పిల్లలకి చూపించొచ్చు అని, 2024 నుంచి దాన్ని వయసుని బట్టి మూడు చేశారు, 7+, 13+, 16+ అని. ఇది గేటు దగ్గర ఆపడానికి కాదు, పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అని మనం ఆలోచించుకోవడానికి. కానీ దాన్నే నమ్ముకోవద్దు, రక్తం, బూతులు ఉంటే అందరికీ కనిపిస్తాయి గానీ అమ్మాయి వెంటపడే సీన్లు కామెడీ ట్రాక్‌లో కలిసిపోయి మన కళ్ళముందే దాటిపోతాయి.

అసలు కష్టమంతా ఆ సీన్లతోనే. హీరో చెడ్డోడు అని మీరు మొదలుపెడితే మీ అబ్బాయి మీ మాట అస్సలు వినడు, ఫ్యాన్ కదా. ఇంకోలా చెయ్యండి. ఓటీటీలో చూస్తున్నారనుకోండి, సినిమా అయిపోయాక ఆ సీన్‌కి వెనక్కెళ్ళి సౌండ్ మ్యూట్ చేసి మళ్ళీ చూపించండి. పాట లేదు, బీజీఎం లేదు, పంచ్ డైలాగ్ లేదు, ఒకబ్బాయి ఒకమ్మాయి వెనకాల కాలేజీ గేటు నుంచి బస్టాండు దాకా, అక్కణ్ణుంచి వాళ్ళింటి సందు దాకా వెళ్తున్నాడు అంతే. హీరోని వదిలేసి ఆ అమ్మాయి మొహం మాత్రమే చూడమనండి. తర్వాత ఒక్కటే ప్రశ్న, ఇదే పని ఈ సినిమాలో విలన్ చేసుంటే ఏ మ్యూజిక్ పెట్టేవాళ్ళు? సమాధానం వాడి నోట్లోంచే రానివ్వండి, మీరు తొందరపడి చెప్పేయొద్దు.

అప్పుడు చట్టం గురించి చెప్పండి, బెదిరిస్తున్నట్టు కాకుండా మామూలుగా. వద్దన్నాక కూడా వెంటపడటం, మెసేజ్‌లు పెట్టడం నిర్భయ ఘటన తర్వాత 2013లో పాత శిక్షాస్మృతి ఐపీసీలో 354డి సెక్షన్ కింద నేరం అయ్యింది, ఇప్పుడది దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌లో 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. 2015లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఇద్దరమ్మాయిల వెంటపడిన ఒక భారతీయుడి తరఫు లాయర్, బాలీవుడ్ సినిమాలు చూసి పెరిగాడు కాబట్టి ఇలా వెంటపడితే అమ్మాయి ఒప్పుకుంటుంది అనుకున్నాడని కోర్టులోనే వాదించాడు. పిల్లలు దీన్ని చాలా శ్రద్ధగా వింటారు. ఆ ఇద్దరమ్మాయిలు ఎలా భయపడి ఉంటారో కూడా అడగండి, అది మర్చిపోవద్దు.

ఇక రెండో సంగతి, సినిమా ఎవర్ని చూసి నవ్వమంటోంది. లావుగా ఉన్నవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు, ఇంకా యాస. చాలా ఏళ్ళు తెలంగాణ యాస రౌడీలకి, కామెడీకి, ఉత్తరాంధ్ర యాస పనిమనిషి పాత్రలకి, హీరో హీరోయిన్లకి మాత్రం కోస్తా తెలుగు. 1999లో సమరసింహారెడ్డి ఆడాక వరసగా ఫ్యాక్షన్ సినిమాలొచ్చి రాయలసీమ అంటే సుమోలు, బాంబులు అన్నట్టు చేసేశాయి, సీమ పిల్లలు హాస్టళ్ళలో "మీ ఊళ్ళో బాంబులేసుకుంటారా" అనే ప్రశ్న విన్నారు, అది నాకు నిజంగా బాధ. 2017లో ఫిదాలో హీరోయినే బాన్సువాడ పిల్లలా మాట్లాడితే జనం ఎంత ఇష్టపడ్డారో చూశాం కదా. కాబట్టి "ఈ సినిమాలో మన ఊరి వాళ్ళలా మాట్లాడింది ఎవరు, వాళ్ళకి ఏ వేషం ఇచ్చారు" అని అడగండి, అమ్మమ్మ తాతయ్య కూడా ఈ చర్చలోకి వచ్చేస్తారు.

మంచి కూడా చూపించండి, లేకపోతే మీరు ఒట్టి ఫిర్యాదుల పెట్టె అనుకుంటారు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం గారు మాలపిల్ల తీశారు, పూజారి కొడుకు దళిత అమ్మాయిని ప్రేమించడం కథ, ఆ రోజుల్లో ఎంత ధైర్యమో చెప్పండి. ఇప్పటి సినిమాల్లో కులం పేరు పలకడానికి ఎందుకు వెనకాడతారు అని వాళ్ళనే అడగండి.

ఒక్కోసారి ఈ మాటల మధ్యలో అమ్మాయి "మా ట్యూషన్ దగ్గర కూడా ఒకడు ఇలాగే వస్తున్నాడు" అనొచ్చు. అప్పుడు టీవీ ఆపేయండి. "నువ్వేం చేశావు, ఆ డ్రస్ ఎందుకేసుకున్నావు" అనొద్దు, చదువు మాన్పిస్తానని అసలే అనొద్దు, అంటే ఇంకెప్పుడూ చెప్పదు. మొత్తం విని, మెసేజ్‌లు ఉంటే డిలీట్ చెయ్యకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరమైతే 112, తెలంగాణలో అయితే ఆడపిల్లల్ని వేధించేవాళ్ళని పట్టుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి, అమ్మాయిని అడిగి తన ఒప్పుకోలుతోనే ఫోన్ చెయ్యండి.