వైఫై కలుస్తుంది, ఒక్క సైటూ తెరుచుకోదు: చిన్న ల్యాప్‌టాప్‌లో యాంటిక్స్ లైనక్స్

లక్షణం

పాత పది అంగుళాల ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి, పాత మెషీన్లకు సరిపడే తేలికైన లైనక్స్ యాంటిక్స్ వేశారు. వైఫై కలిసింది, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే కమాండ్) కొడితే జవాబొస్తోంది. బ్రౌజర్ మాత్రం ఏ సైటు తెరవబోయినా సర్టిఫికెట్ (సైటు అసలుదే అని చెప్పే డిజిటల్ పత్రం) బాలేదంటుంది. అప్‌డేట్ చేయబోతే, అప్‌డేట్ల జాబితా ఉండే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదని ఎర్రర్.

ముందు చూడాల్సింది

రౌటర్ జోలికి పోకండి. టెర్మినల్‌లో 'డేట్' (date) అని కొట్టి సంవత్సరం చూడండి. కింద ప్యానెల్‌లోని గడియారం గంటలూ నిమిషాలే చూపిస్తుంది కాబట్టి మెషీన్ 2010లో ఉన్నా ఎవరి కంటా పడదు. మౌస్ దానిమీద ఉంచితే తేదీ కనబడుతుంది. ఆ మాత్రం చూడరు, మన విశాఖలో ద్వారకానగర్ వెళ్లి వైఫై డాంగిల్ కొనుక్కొచ్చాక అడుగుతారు.

కారణం

మెషీన్ ఆపేసినా గడియారాన్ని నడిపించే, మదర్‌బోర్డు మీది బటన్ సెల్ చచ్చిపోయింది. ప్రతి సర్టిఫికెట్‌కీ మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. 2010లో ఉన్న మెషీన్ లెక్కలో నిన్నమొన్న ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

ఈ జబ్బు వచ్చిపోతుంటుంది, అక్కడే మోసపోతాం. అడాప్టర్ పెట్టి ఉన్నంతసేపూ గడియారం నడుస్తుంది. పాత మెషీన్లలో పెద్ద బ్యాటరీ కూడా ఎప్పుడో పోయి ఉంటుంది కదా, గాలివానకి కరెంటు పోయిందంటే తేదీ మొదటికొస్తుంది. నిన్నటిదాకా బానే ఉందండీ అంటారు. నిజమే, ఉంది.

రెండో మోసం ఫోన్ హాట్‌స్పాట్‌ది. దానితో బాగుండి, ఎంవీపీ కాలనీ హాస్టల్ వైఫైతో పాడైతే హాస్టల్ వాళ్లనే తిడతారు. మెషీన్ నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి పేరు ఎన్‌టీపీ, అది యూడీపీ పోర్ట్ 123 అనే నెట్ దారి మీద నడుస్తుంది. కొన్ని హాస్టళ్లు, ఆఫీసులు దాన్ని మూసేస్తాయి. ఎన్‌టీపీ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్‌లో తేదీ తనంతట తానే సర్దుకుంటుంది, హాస్టల్‌లో సర్దుకోదు.

పరిష్కారం

బయోస్‌లో (మెషీన్ ఆన్ అవుతూనే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) తేదీ సరిచేయండి. లేదా లైనక్స్‌లోనే మార్చి, ఆ తేదీని మదర్‌బోర్డు గడియారంలోకి రాయడానికి రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) హెచ్‌డబ్ల్యూక్లాక్ కమాండ్‌ని డబ్ల్యూ ఆప్షన్‌తో (hwclock -w) నడపండి. తర్వాత షట్‌డౌన్ చేసి, అడాప్టరూ బ్యాటరీ తీసేసి ఓ గంట వదిలేయండి. తేదీ మళ్లీ పోతే సెల్ మార్చాల్సిందే.

మామూలుగా అది సీఆర్2032, వాచీల షాపులోనూ దొరుకుతుంది. వైర్లతో వచ్చే రకమైతే వైర్లూ కనెక్టరూ కలిపే కొనండి, సెల్ మీద సోల్డర్ పెట్టొద్దు. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో సముద్రపు గాలికి సాకెట్ పచ్చగా చిలుమెక్కి ఉండొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకుండా కొత్త సెల్ వేసినా దండగే.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే సెల్ కొనకండి. విండోస్ తీసేయకుండా పక్కనే ఉంచుకున్న మెషీన్లలో ఇలా అవుతుంది: విండోస్ బయోస్ గడియారాన్ని మన టైమ్ అనుకుంటుంది, లైనక్స్ యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. అది సెట్టింగ్ గొడవ.

తేదీ సరిగ్గానే ఉండి కూడా ఇదే ఎర్రరా? హాస్టల్ లాగిన్ పేజీ దాటారో లేదో చూడండి. పెన్‌డ్రైవ్‌లోది 2021 సెప్టెంబరుకు ముందు ఐఎస్‌ఓ (లైనక్స్ ఇన్‌స్టాల్ ఫైల్) అయితే కొత్తది దించుకోండి, ఆ నెల 30న చాలా సైట్ల సర్టిఫికెట్లకు ఆధారమైన ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. ప్రాక్సీ, యాంటీవైరస్ కూడా ఇదే ఎర్రర్ తేగలవు, కానీ ఈ మెషీన్లలో అవి దాదాపు ఉండవు.